హీటరుకు కాలిన ఆస్కార్ చేప: చర్మం మానిన తీరుపై 60 రోజుల పరిశీలన

విజయనగరం కంటోన్మెంట్ ప్రాంతంలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట్లో మూడేళ్లుగా పెరుగుతున్న ఆస్కార్ అనే అలంకార చేపకు ఈ ఏడాది భోగి నాటి తెల్లవారుజామున, తొట్టెలోని నీటి హీటరుకు ఆనుకొని, కుడి పక్క కాలింది. ఆ రోజు నుంచి 60వ రోజు వరకు ఆ గాయాన్ని నేనే చూశాను, కొలిచాను, ఫొటోలు తీశాను. చేపల వైద్యంలో మా ప్రాంతంలో నా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా చెరువు చేపల పుండ్లు, పేను, మొప్పల జబ్బులు. కాలిన గాయాన్ని మొదటి గంటల నుంచి చివరి పొలుసు దాకా చూసే అవకాశం అరుదుగా వస్తుంది. కాలిన గాయాన్ని మామూలు పుండుగా భావించి మందులు పూసేవారు, గీకేవారు చాలామంది ఉన్నారు. నేను కూడా నాలుగో రోజున అలాంటి తొందరపాటే ఒకటి చేశాను. దాని ఫలితం గాయం మీద ఇప్పటికీ కనిపిస్తోంది కనుక, జరిగింది జరిగినట్టు రాయడం అవసరమనిపించింది.

ఘటన, కారణం

తొట్టె కొలత 150 × 60 × 60 సెంటీమీటర్లు. అందులో దాదాపు 450 లీటర్ల నీరు ఉంటుంది. చేప పొడవు 27 సెంటీమీటర్లు, బరువు 520 గ్రాములు. హీటరు 300 వాట్ల గాజు గొట్టం, చుట్టూ రక్షణ జాలీ లేదు. భోగికి ముందు రోజు సాయంత్రం ఇల్లు కడుక్కునే హడావిడిలో తొట్టెలోని సగం నీరు తోడేసి, డాబా మీది ట్యాంకులో చల్లబడి ఉన్న నీటిని నింపారు. ఆ తర్వాత ఫిల్టరు మోటారు స్విచ్చి వేయడం ఎవరికీ గుర్తు రాలేదు. నీరు చల్లగా ఉండటంతో హీటరు రాత్రంతా ఆగకుండా వెలిగింది. నీటిలో కదలిక లేకపోవడంతో ఆ వేడి తొట్టె అంతటా పరుచుకోక గొట్టం చుట్టూనే నిలిచింది. బెదిరిన చేప హీటరుకూ వెనుక అద్దానికీ నడుమ ఉన్న మూలలో దూరి అక్కడే ఉండిపోయింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా చేప కాలి ఉండేది కాదని నా అభిప్రాయం.

వేడి తగులుతుంటే చేప ఎందుకు కదలలేదని మాస్టారు చాలా బాధపడుతూ అడిగారు. చేపకు నొప్పి తెలియదన్న మాట మన దగ్గర తరచుగా వినిపిస్తుంది కాబట్టి దీనికి జవాబు వివరంగా చెప్పాను. రెయిన్‌బో ట్రౌట్ చేప తల మీద వేడికి, గాటుకు, ఆమ్లానికి స్పందించే నొప్పి నాడీ తంతువులు ఉన్నాయని 2003లో లిన్ స్నెడన్, ఆమె సహచరులు ప్రయోగపూర్వకంగా చూపారు. కనుక వేడి తెలియక కాదు. ఒంటి వేడి నీటి వేడిని బట్టి మారే జీవి ఒక్కసారిగా చల్లని నీటిలో పడితే కండరాలు మందగిస్తాయి, భయపడ్డ చేప ఇరుకును వదిలి బయటకు రాదు. ఆస్కార్ వంటి పెద్ద చేపలు, చలికి హీటరును ఆనుకొని పడుకునే అలవాటు ఉన్నవి, ఇలా కాలడం అక్వేరియం పెంపకందారులకు కొత్త సంగతి కాదు.

ఉదయం ఆరున్నరకు ఫోన్ వచ్చింది. "డాక్టరు గారూ, పక్కన తెల్లగా పాలిపోయిందండీ, సున్నం పూసినట్టుంది. పక్కింటివారు పసుపు రాయమంటున్నారు, రాయమంటారా?" అని అడిగారు. హీటరు ప్లగ్గు తీసేసి, ఫిల్టరు నడిపించి, చేపను మాత్రం ముట్టుకోవద్దని, వల అసలు వేయవద్దని చెప్పి బయలుదేరాను.

మొదటి పరీక్ష

నేను వెళ్లేసరికి చేప తొట్టె అడుగున ఎడమ పక్కకు కాస్త ఒరిగి ఉంది. మొప్పల కదలిక నిమిషానికి 100 దాకా ఉంది. అదే చేపది కోలుకున్న తర్వాత లెక్కపెడితే 60 దగ్గర ఉంది. కుడి పక్కన, మొప్ప మూత వెనుక ఉండే రెక్కకు రెండు వేళ్ల వెనుకగా, పై నుంచి కిందికి నిలువుగా 4.2 సెంటీమీటర్ల పొడవు, 1.6 సెంటీమీటర్ల వెడల్పు గల పాలిపోయిన పట్టీ కనిపించింది. మొప్ప మూత మీద మరొక చిన్న మచ్చ ఉంది. రెండూ కలిపి ఒంటి ఉపరితలంలో సుమారు రెండు శాతం. పట్టీ మీది పొలుసులు ఊడలేదు కానీ వాటి అంచులు కొద్దిగా లేచి, పైన తెల్లని జిగురు గడ్డకట్టినట్టు ఉంది. ఎర్రదనం గానీ రక్తం గానీ ఆ ఉదయం లేవు.

చేపను బయటకు తీయకుండా అద్దం అవతలి నుంచే చూశాను, కొలతకు అద్దం మీద బయటి వైపు ఒక స్కేలు అంటించి ఫొటో తీశాను. నీటి వక్రీభవనం వల్ల ఆ కొలతలో కొంత తేడా ఉంటుంది. అయితే ప్రతిసారీ ఒకే దూరం నుంచి, చేప అద్దానికి దగ్గరగా వచ్చినప్పుడే తీశాను కనుక రోజుకూ రోజుకూ పోల్చుకోవడానికి అది సరిపోయింది. కాలిన చేపను వలలో పడితే చచ్చిన పొరతో పాటు పక్కన ప్రాణంతో ఉన్న పొర కూడా వల దారాలకు అంటుకొని వస్తుంది. వేరే తొట్టెకు మార్చి వైద్యం చేయాలన్న సాధారణ సలహాను నేను ఇక్కడ పాటించకపోవడానికి అదే కారణం.

చేప చర్మం మన చర్మం వంటిది కాదు

మన చర్మం పైపొరలో అన్నిటికన్నా బయట ఉండేవి చచ్చి గట్టిపడిన కణాలు. గాలిలో ఆరి పోకుండా అవి మనల్ని కాపాడతాయి. చేప బాహ్యచర్మంలో బయటి వరుస కణాలు సైతం ప్రాణంతో ఉంటాయి, విభజన చెందగలుగుతాయి. వాటి నడుమ ఉన్న జిగురు కణాలు ఎడతెగక జిగురును స్రవిస్తూ ఉంటాయి. పొలుసులు ఈ పైపొరకు బయట అతికించినవని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రతి పొలుసూ కింద ఉన్న అంతశ్చర్మంలోని ఒక చిన్న సంచిలో నాటుకొని ఉంటుంది, దాని మీదుగా పైపొర పల్చగా కప్పి ఉంటుంది. అందువల్ల పొలుసు ఊడిందంటే పైపొర చిరిగినట్టే. పొలుసు సంచి కాలిందంటే గాయం అంతశ్చర్మం దాకా దిగినట్టే. చేపల కాలిన గాయాల లోతును అంచనా వేయడానికి మనుషులకు వాడే మొదటి, రెండవ, మూడవ స్థాయి లెక్క కన్నా పొలుసు సంచి ఉందా, పోయిందా అన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగపడుతుందని నేను అనుకుంటున్నాను.

చర్మం పోయిన మంచినీటి చేపకు మొదటి ముప్పు సూక్ష్మజీవుల నుంచి కాదు, నీటి నుంచే. చేప రక్తంలోని లవణ సాంద్రత మన రక్తానికి దగ్గరగా, లీటరుకు సుమారు 300 మిల్లీ ఆస్మోళ్లు (కరిగి ఉన్న కణాల లెక్కకు కొలమానం) ఉంటుంది. చుట్టూ ఉన్న మంచినీటిలో అది దాదాపు లేనట్టే. చర్మం గట్టిగా ఉన్నంత కాలం ఈ తేడాను మొప్పలు, మూత్రపిండాలు కలిసి నెట్టుకొస్తాయి. చర్మంలో ఒక భాగం కాలిపోతే అక్కడి నుంచి నీరు లోపలికి చొరబడుతుంది, ఉప్పు బయటకు కారుతుంది, మూత్రపిండాలు రేయింబవళ్లు పలచని మూత్రాన్ని తోడిపోయవలసి వస్తుంది. మనుషుల్లో కాలిన గాయం శరీరాన్ని ఎండగడితే, మంచినీటి చేపలో అది శరీరాన్ని నీటితో నింపుతుంది. గాయం ఎంత చిన్నగా కనిపించినా రెండో రోజో మూడో రోజో హఠాత్తుగా చనిపోయే చేపల విషయంలో ఈ కారణాన్నే ముందుగా అనుమానించాలి.

అందుకే మొదటి మందు ఉప్పు. లీటరుకు 3 గ్రాముల సాంద్రత రావాలని నిర్ణయించి, 450 లీటర్లకు కావలసిన 1,350 గ్రాముల కల్లుప్పును మూడు సమ భాగాలు చేసి, ఎనిమిది గంటలకొక భాగం చొప్పున వేరే బకెట్టులో కరిగించి పోయించాను. లీటరుకు 3 గ్రాముల ఉప్పు దాదాపు 100 మిల్లీ ఆస్మోళ్లకు సమానం కాబట్టి చేప రక్తానికీ నీటికీ ఉన్న తేడాలో మూడో వంతు తగ్గిపోతుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడా ఉప్పు మడుల నుంచి వచ్చే కల్లుప్పే వాడించాను. మెత్తని ఉప్పులో ఉండే అయోడిన్ వల్ల చేపకు కీడు జరుగుతుందని కాదు. గడ్డకట్టకుండా ఉండేందుకు కలిపే పదార్థాలు లేని ఉప్పు అయితే మేలని. ఉప్పును నేరుగా తొట్టెలో గుప్పెళ్లతో వేయకూడదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. కరగని రాళ్లు అడుగున పడి ఉంటే చేప వాటి మీద పడుకుంటుంది, ఉన్న గాయానికి మరొకటి తోడవుతుంది.

కొత్త హీటరును జాలీతో బిగించి, 27 డిగ్రీల వద్ద నిలిపాము. ఇంతకన్నా వెచ్చగా ఉంచితే కణాలు ఇంకా వేగంగా పెరుగుతాయి గానీ నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, గాయాల మీద దాడిచేసే బ్యాక్టీరియా కూడా వేగం పుంజుకుంటుంది. ఈ రెండింటి నడుమ 27 డిగ్రీలు నాకు సమంజసంగా తోచింది. రోజూ 70 లీటర్ల నీరు మార్చి, అందుకు తగ్గ 210 గ్రాముల ఉప్పు కలిపించాను. మారుస్తున్న నీరు తొట్టె నీటితో సమానమైన వేడికి వచ్చిన తర్వాతే పోయాలన్న నియమాన్ని మాస్టారు ఒక్కరోజు కూడా తప్పలేదు.

రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు

కాలిన గాయం కాలిన రోజున పూర్తిగా కనిపించదు. బ్రిటిష్ శస్త్రవైద్యుడు డగ్లస్ జాక్సన్ 1953లో మనుషుల కాలిన గాయాల్లో మూడు మండలాలను వివరించాడు: మధ్యలో పూర్తిగా చచ్చిన భాగం, దాని చుట్టూ రక్తప్రసరణ మందగించి అటో ఇటో తేలని భాగం, ఆ వెలుపల ఎర్రబడి కోలుకునే భాగం. ఈ చేపలో కూడా అదే క్రమం కనిపించింది. రెండో రోజు సాయంత్రానికి పట్టీ అంచున సన్నని ఎర్రగీత వచ్చింది. మూడో రోజు పొలుసులు నాలుగు ఊడి అడుగున పడ్డాయి. నాలుగో రోజుకు గాయం 4.8 సెంటీమీటర్ల పొడవు, 2.1 సెంటీమీటర్ల వెడల్పుకు పెరిగింది, చచ్చిన పొర బూడిదరంగు పొట్టులా వేలాడసాగింది. మొదటి రోజు కొలత చూసి యజమానికి ధైర్యం చెప్పిన వైద్యుడు నాలుగో రోజున ఇరకాటంలో పడతాడు. కాబట్టి గాయం పెరుగుతుందని, అది మందు తప్పు వల్ల కాదని ముందే చెప్పి ఉంచడం మంచిది. నేను అలా చెప్పి ఉంచాను గానీ, పెరిగిన గాయాన్ని చూసి నేనే నిలవలేకపోయాను.

నాలుగో రోజు మధ్యాహ్నం లీటరుకు 40 మిల్లీగ్రాముల లవంగ నూనె కలిపిన నీటిలో చేపను మత్తులోకి తెచ్చి, వేలాడుతున్న పొరను పట్టుకారుతో తీసివేశాను. పై మూడు వంతుల భాగం తడి కాగితంలా సులువుగా వచ్చింది. కింది చివర మాత్రం పొర ఇంకా గట్టిగా అంటుకొని ఉంది, అక్కడ ఆగవలసింది. నేను లాగాను. రక్తపు చుక్కలు వచ్చాయి, ఎనిమిది మిల్లీమీటర్ల మేర కింది కండరం లేత గులాబీ రంగులో బయటపడింది. చచ్చిన పొర అంటుకొని ఉన్నదంటే దాని కింద కొత్త పొర ఇంకా చేరలేదని అర్థం. ఊడి వేలాడుతున్నదంటే కొత్త పొర దాని కిందికి పాకి, దాన్ని పైకెత్తిందని అర్థం. ఈ తేడాను అప్పటికే పుస్తకాల్లో చదివి ఉన్నాను, కానీ చేతికి తెలిసింది ఆ రోజునే.

పైపొర పాకడం

చేప చర్మం మానే క్రమంలో అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఈ పాకే దశ. మనకు గాయమైతే ముందు రక్తం గడ్డకడుతుంది, వాపు వస్తుంది, పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు కిందుగా కొత్త చర్మం రోజుల తరబడి మెల్లగా వస్తుంది. నీటిలో పెచ్చు కట్టే వీలు లేదు. చేపలో గాయం అంచున ఉన్న పైపొర కణాలు విభజన కోసం కూడా ఆగకుండా, ఉన్నవి ఉన్నట్టే పలుచబడి, ఒకదాని వెంట ఒకటి ఖాళీ వైపు జరుగుతాయి. వాపు దశ ఆ తర్వాత, కప్పబడిన చర్మం కింద నడుస్తుంది. పెద్ద జీబ్రా చేపల్లో శుభ్రమైన గాయం మీదుగా ఈ కణాలు గంటకు సుమారు 250 మైక్రోమీటర్ల వేగంతో కదులుతాయని ప్రయోగశాలల్లో కొలిచారు. చిన్న గాయాలు ఒక్క రోజులోపే కప్పబడతాయి.

ఆ వేగాన్ని ఈ చేపకు అన్వయిస్తే, 21 మిల్లీమీటర్ల వెడల్పు గాయం రెండు వైపుల నుంచి పది, పదిన్నర మిల్లీమీటర్ల చొప్పున పూడితే రెండు రోజుల్లోపే మూసుకోవాలి. జాతి వేరు, గాయం పరిమాణం వేరు కాబట్టి ఈ లెక్క స్థూలమైనదే. అయినా వాస్తవంలో పట్టింది రెండు రోజులు కాదు, పన్నెండు రోజులు. ఈ పది రోజుల తేడా అంతా కాలడం వల్ల వచ్చిందే. కత్తి గాటు అంచున ఉన్న కణాలు ఆరోగ్యంగా ఉంటాయి, అవి వెంటనే బయలుదేరతాయి. కాలిన గాయం అంచున ఉన్నవి సగం దెబ్బతిన్న కణాలు. పైగా వాటి దారికి చచ్చిన పొర అడ్డుగా ఉంటుంది. తెల్లరక్తకణాలు దాన్ని కరిగించి వేరుచేసేదాకా కొత్త కణాలకు నిలదొక్కుకునే నేల దొరకదు. కాలిన చేపకు వైద్యం చేసేవారు వేగం పెంచే మందుల కోసం వెతకడం కన్నా, ఈ వేరుపడే పనికి అవాంతరం రాకుండా చూడటమే సరైనదని ఈ కేసు నాకు నేర్పింది. అందుకే పోవిడోన్ అయోడిన్ గానీ, పొటాషియం పర్మాంగనేట్ గానీ, పసుపు గానీ గాయం మీద పూయలేదు. అయోడిన్, పర్మాంగనేట్ సూక్ష్మజీవులను చంపేటంత గాఢతలో పాకుతున్న లేత కణాలకూ హాని చేస్తాయి. ఇక పసుపు ముద్ద నీటిలో నిలవదు, కరిగి మొప్పల్లో చేరుతుంది.

ఎనిమిదో రోజున తెరిచి ఉన్న భాగం 2.6 × 1.0 సెంటీమీటర్లకు తగ్గింది. కప్పబడిన భాగం మీద గాజులా పారదర్శకమైన తడి కాగితం పరిచినట్టు, బూడిద నీలం రంగులో మెరిసే పొర కనిపించింది. పన్నెండో రోజుకు నేను లాగిన ఆ ఎనిమిది మిల్లీమీటర్ల చోటు మినహా అంతా మూసుకుంది. ఆ చోటు మూసుకోవడానికి పంతొమ్మిదో రోజు దాకా పట్టింది. చేపల గాయాలను రోజుల్లో కాక రోజులనూ డిగ్రీలనూ గుణించి చెప్పుకోవడం ఉపయోగకరం: 12 రోజులు × 27 డిగ్రీలు అంటే 324. హీటరు లేకుండా 18 డిగ్రీల చలి నీటిలో ఉంచి ఉంటే, ఈ లెక్క ప్రకారం అదే గాయం మూసుకోవడానికి 18 రోజులు పట్టి ఉండేది, ఆ అదనపు రోజులన్నీ చర్మం తెరిచి ఉండేది.

యాంటీబయాటిక్ ఎందుకు ఇవ్వలేదు

ఆరో రోజున గాయం అంచు ఎర్రదనం కాస్త ముదిరినట్టు కనిపించగా, అంచు పక్కనుంచి కొద్దిగా జిగురు తీసి సూక్ష్మదర్శిని కింద చూశాను. వెదికింది ముఖ్యంగా ఫ్లేవోబ్యాక్టీరియం కోసం, అంటే చేపల చర్మానికి, మొప్పలకు పుండ్లు తెచ్చే బ్యాక్టీరియా కోసం. అది సన్నగా పొడవుగా ఉండి, గడ్డికుప్పల్లా గుమికూడి జారుతూ కదులుతుంది. అవి లేవు. నీటిలో మామూలుగానే ఉండే పొట్టి కడ్డీల వంటి బ్యాక్టీరియా కొద్దిగా కదలాడుతూ కనిపించింది. చేప అప్పటికే తిండి వైపు చూస్తోంది, కడుపు ఉబ్బలేదు, కళ్లు ముందుకు పొడుచుకు రాలేదు, ఎర్రదనం అంచు దాటి పాకలేదు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా మేతలో యాంటీబయాటిక్ మొదలుపెట్టాలని నిర్ణయించుకొని ఆగాను. అవసరం రాలేదు.

మాస్టారికి ఒక దుకాణంలో పసుపుపచ్చని పొడి ఒకటి ఇచ్చారు, పేరు చూస్తే నైట్రోఫ్యూరాన్ జాతి యాంటీబయాటిక్ మందు. క్లోరాంఫెనికాల్‌తో పాటు నైట్రోఫ్యూరాన్లను మన దేశంలో చేపలు, రొయ్యల సాగులో నిషేధించారు. అలంకార చేపను ఎవరూ తినరు కదా అనే వాదన నాకు సమ్మతం కాదు. తొట్టె నీరు కాలువలోకే పోతుంది, కాలువ నీరు చెరువులోకే చేరుతుంది.

మేత

మొదటి మూడు రోజులు మేత పెట్టలేదు. నాలుగో రోజు మత్తు ఇవ్వవలసి వచ్చింది కనుక ఆ రోజు కూడా పస్తే. ఐదో రోజు నుంచి కొద్దికొద్దిగా పెట్టాము. తొట్టె మూత మీద, దీపం వేడి తగిలే చోట, ఆరు నెలల క్రితం తెరిచిన గుళికల డబ్బా ఉంది. చాలా చేపలు మనలాగే విటమిన్ సి ని సొంతంగా తయారు చేసుకోలేవు. దానికి కావలసిన ఎంజైము వాటిలో లేదు. విటమిన్ సి లేకపోతే గాయంలో చర్మాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తి దారాలు గట్టిపడవు, కప్పబడిన చర్మం మళ్లీ పగులుతుంది. ఆ విటమిన్ వేడికి, గాలికి త్వరగా నశిస్తుంది. డబ్బా పారేయించి కొత్తది తెప్పించాను. దానితో పాటు ఒలిచి, గడ్డకట్టించి, కరిగించిన రొయ్య ముక్కలు వారానికి మూడుసార్లు పెట్టించాను.

మూసుకున్న తర్వాత జరిగేది

యజమానులు సాధారణంగా చర్మం మూసుకోగానే ఉప్పు ఆపేస్తారు, నీరు మార్చడం మానేస్తారు. మూసుకున్నది కేవలం పైపొర. దాని కింద రక్తనాళాలతో నిండిన లేత కణజాలం అప్పుడే మొలకెత్తుతూ ఉంటుంది, కొల్లాజెన్ ఇంకా చిక్కగా అల్లుకోలేదు. పద్నాలుగో రోజున ఆ చోటు చుట్టుపక్కల కన్నా కొంచెం ఉబ్బి, లేత ఎరుపులో కనిపించడం ఇందువల్లే. ఉప్పును ఇరవై ఒకటో రోజు దాకా ఉంచి, ఆ తర్వాత నీరు మార్చినప్పుడల్లా ఉప్పు కలపకుండా దానంతట అదే పలచబడేలా చేశాను.

ఇరవయ్యో రోజుకు గాయం అంచున నల్లని వలయం ఏర్పడింది. నెల తిరిగేసరికి మచ్చ అంతా నల్లబడింది. ఇది కుళ్లు అని మాస్టారు భయపడి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశారు. గాయం మానే చోటికి నల్లని రంగు కణాలు గుంపుగా వలస రావడం చేపల్లో సహజం. కుళ్లిన నలుపు మెత్తగా, అంచులు చెదిరి ఉంటుంది, ఈ నలుపు నునుపుగా, జిగురుతో మెరుస్తూ ఉంటుంది. ఈ చేప ఒంటి మీద ఉండిన నారింజ రంగు మరకలు మాత్రం ఆ పట్టీలో తిరిగి రాలేదు.

పొలుసులు ముప్పై ఐదో రోజున అంచుల్లో కనిపించాయి, వేలి గోరు మీది తెల్లని చంద్రవంకంత పల్చగా. పొలుసును మాత్రమే పీకితే కింద సంచి మిగిలి ఉంటుంది కాబట్టి కొత్త పొలుసు అదే చోట, అదే వరుసలో, కొద్ది వారాల్లో వస్తుంది. ఇక్కడ అంచుల్లో సంచులు బతికి ఉన్నాయి, మధ్యలో కాలిపోయాయి. అందువల్ల అంచుల్లో వరుస సరిగా వచ్చింది. మధ్యలో పొలుసులు ఆలస్యంగా, వంకరగా, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీగా వచ్చాయి. అరవయ్యో రోజుకు ఆ ఎనిమిది మిల్లీమీటర్ల చోట ఒక్క పొలుసూ లేదు.

టిలాపియా చర్మం సంగతి

మాస్టారి కుమార్తె వైద్యవిద్య చదువుతున్నారు. కాలిన మనుషులకు చేప చర్మం అతికిస్తారు కదా, ఈ చేపకు కూడా అలా చేయవచ్చా అని అడిగారు. మంచి ప్రశ్న. బ్రెజిల్‌లోని ఫోర్టలేజా నగరంలో వైద్యులు శుద్ధిచేసిన టిలాపియా చర్మాన్ని కాలిన గాయాల మీద కట్టుగా వాడారు. కాలిఫోర్నియాలో 2017 డిసెంబరు నాటి కార్చిచ్చులో పాదాలు కాలిన రెండు ఎలుగుబంట్లకు కూడా అదే కట్టారు. అక్కడ ఆ చర్మం చేసే పని గాయం ఆరిపోకుండా, రోజూ కట్టు విప్పి నొప్పి పెట్టకుండా కాపాడటం. దానిలో సమృద్ధిగా ఉన్న కొల్లాజెన్ గాయానికి చక్కగా అంటుకుంటుంది. నీటిలో ఉన్న చేపకు గాయం ఆరిపోయే బెడద లేదు, ఏ కట్టూ అంటుకొని నిలవదు, నిలిచినా కింద ఊడవలసిన చచ్చిన పొరను అది బంధించి ఉంచుతుంది. చనిపోయిన చేప చర్మం మనిషికి కట్టుగా పనికొస్తుంది. బతికి ఉన్న చేపకు ఆ పని దాని సొంత పైపొరా జిగురూ ఇంకా బాగా చేస్తాయి.

చెరువు రైతుల కోసం ఒక మాట

చెరువుల్లో హీటర్లు ఉండవు కనుక ఇది తమకు సంబంధం లేదని రైతులు అనుకోవచ్చు. టెక్కలి వైపు ఒక చిన్న చెరువులో రెండేళ్ల క్రితం నేను చూసిన కాలిన గాయాలు సున్నం వల్ల వచ్చినవి. పొడి సున్నం నీటితో కలిసినప్పుడు వేడి పుడుతుంది, క్షార గుణం కూడా తీవ్రంగా ఉంటుంది. దాన్ని చేపలున్న చెరువులో పొడిగానే చల్లారు. ఒడ్డు పక్కన ఉన్న రోహు పిల్లల వీపుల మీద ఇలాంటి తెల్లని మచ్చలే కనిపించాయి. తేడా ఏమిటంటే అక్కడ మొప్పలు కూడా కాలాయి, వాటిలో చాలావరకు చర్మం మానే దాకా బతకలేదు. క్షారం వేడిలా ఒక్కసారి కాల్చి ఊరుకోదు, కణాల్లోని కొవ్వును కరిగిస్తూ లోపలికి దిగుతూ ఉంటుంది. సున్నాన్ని ముందు రోజే నీటిలో చల్లార్చి, తేట పలచన చేసి, ఉదయం పూట చెరువంతా సమంగా పోయాలి.

అరవయ్యో రోజు నాటికి మార్చి ఎండలు మొదలై, హీటరు తీసి పక్కన పెట్టారు. చేప బరువు 545 గ్రాములు. అంతకు రెండు రోజుల ముందు మధ్య భాగం నుంచి ఊడిన కొత్త పొలుసు ఒకటి అడుగున దొరికితే మాస్టారు దాన్ని చిన్న కవరులో పెట్టి ఇచ్చారు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. పాత పొలుసులో నడిబొడ్డు నుంచి అంచు దాకా చెట్టు వలయాల్లా వరుసగా ఉండే గీతలు దీనిలో లేవు. నడుమ అంతా ఖాళీగా, మసక గాజులా ఉంది, అంచుకు దగ్గరగా మాత్రం మూడు నాలుగు సన్నని గీతలు మొదలయ్యాయి. తిరిగి మొలిచిన పొలుసు తొందరగా పరుచుకొని, ఆ తర్వాతే మామూలు పద్ధతిలో పెరుగుతుంది కాబట్టి దాని నడుమ ఎప్పటికీ అలా ఖాళీగానే ఉంటుంది. చేప వయసు లెక్కించేవారు ఇలాంటి పొలుసును పక్కన పెడతారు. నేను దాన్ని రెండు గాజు పలకల మధ్య భద్రపరిచి, మీద భోగి తేదీ రాసి ఉంచాను.